లినక్స్‌లో యాంటీవైరస్ ఎవరిని కాపాడుతుంది?

విండోస్ నుంచి లినక్స్‌కు మారినవారు మొదట్లోనే అడిగే ప్రశ్న, ఇందులో ఏ యాంటీవైరస్ వేసుకోవాలని. దానికి సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తాయి. లినక్స్‌కు వైరస్‌లు రావు కనుక ఏదీ అక్కర్లేదని కొందరు కొట్టిపారేస్తారు. కంప్యూటర్ అన్నాక యాంటీవైరస్ ఉండి తీరాలని మరికొందరు పట్టుబడతారు. మొదటి మాట నిజం కాదు. రెండో మాట విని ఏదో ఒకటి వేసుకున్నవారికి, అది ఏ పని చేస్తుందో ఏ పని చేయదో తెలియకుండానే రక్షణ దొరికిందన్న ధీమా వస్తుంది; ఆ ధీమాతోనే అప్‌డేట్‌లను వాయిదా వేస్తారు, ఎక్కడిదో తెలియని స్క్రిప్టును నడిపేస్తారు. నా దృష్టిలో అడగవలసిన ప్రశ్న వేరు: ఈ కంప్యూటర్‌ను ఏ పనికి వాడుతున్నాం, దాని గుండా వెళ్ళే ఫైళ్ళు చివరికి ఎవరి చేతికి చేరుతున్నాయి? ఎందుకంటే లినక్స్ మీద ఎక్కువగా వాడే ఉచిత యాంటీవైరస్ క్లామ్‌ఏవీ తాను నడుస్తున్న యంత్రం కంటే, దాని నుంచి మెయిళ్ళు, ఫైళ్ళు అందుకునే ఇతర యంత్రాలనే ఎక్కువగా కాపాడుతుంది.

లినక్స్‌కు వైరస్‌లు రావన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన ఈ కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) తొలి వైరస్‌గా చెప్పుకునే స్టావోగ్ 1996లో బయటపడింది; 1997లో బ్లిస్ వచ్చింది. రెండూ ప్రోగ్రామ్ ఫైళ్ళకు అంటుకుని వ్యాపించే రకమే అయినా పెద్దగా పాకలేదు. ఒకరి దగ్గరున్న ప్రోగ్రామ్‌ను మరొకరు కాపీ చేసుకుని నడిపే అలవాటు ఉన్నచోటే అలాంటి వైరస్‌కు బతుకుదెరువు. లినక్స్ వాడేవారు తమ డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ రూపం) నిర్వహించే రిపోజిటరీ అనే సాఫ్ట్‌వేర్ భాండాగారం నుంచో, సోర్స్ కోడ్ నుంచో ప్రోగ్రామ్‌లు తెచ్చుకునేవారు. పైగా మామూలు యూజర్ నడిపే ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఫైళ్ళను మార్చే అధికారం ఉండదు. ఆ మేరకు నమ్మకంలో నిజముంది.

అయితే దాడి చేసేవారు ఫైళ్ళకు అంటుకునే పద్ధతిని వదిలేసి నెట్‌వర్క్ దారి పట్టారు. 2001లో వచ్చిన రామెన్ అనే వార్మ్ రెడ్ హ్యాట్ డిస్ట్రిబ్యూషన్ 6.2, 7.0 వెర్షన్లలోని సర్వీసుల లోపాల గుండా తనంతట తానే ఒక యంత్రం నుంచి మరో యంత్రంలోకి దూకింది. 2002లో స్లాపర్ అపాచీ వెబ్ సర్వర్లు ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని లోపాన్ని పట్టుకుంది. రెండు సందర్భాల్లోనూ ప్యాచ్‌లు ముందే వచ్చి ఉన్నాయి, వేసుకోనివారే దెబ్బతిన్నారు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్‌కు (హానికర ప్రోగ్రామ్‌కు) లోపం కూడా అవసరం కాలేదు. ఇళ్ళలోని రౌటర్లు, నిఘా కెమెరాల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌లను ఎవరూ మార్చరన్న సంగతిని నమ్ముకుని, అరవై పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలను వరసగా ప్రయత్నిస్తూ పోయింది. ఆ పరికరాల్లో నడిచేది లినక్సే. అలా దాని అదుపులోకి వచ్చిన పరికరాల గుంపుతో, అంటే బాట్‌నెట్‌తో, అదే ఏడాది అక్టోబర్ 21న వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సేవల సంస్థ డిన్ మీద జరిగిన దాడి వల్ల ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందుబాటులో లేకుండా పోయాయి. మిరాయ్ మెమరీలో మాత్రమే ఉండేది కాబట్టి పరికరాన్ని రీస్టార్ట్ చేస్తే పోయేది, పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపట్లోనే తిరిగి వచ్చేది. ఇలాంటి పరికరంలో యాంటీవైరస్ వేసే వీలే లేదు. వేసినా చేయగలిగేది తక్కువ.

ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 2017 జూన్‌లో దక్షిణ కొరియాకు చెందిన నయానా అనే వెబ్ హోస్టింగ్ సంస్థలో 153 లినక్స్ సర్వర్లను ఎరెబస్ అనే రాన్సమ్‌వేర్ తాళం వేసింది. ఆ సంస్థ దాదాపు 10 లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లించి బయటపడవలసి వచ్చింది. ఆ సంస్థ వెబ్‌సైట్ 2008 నాటి కెర్నల్ మీద, 2006 నాటి అపాచీ, పీహెచ్‌పీలతో నడుస్తోందని తర్వాత భద్రతా పరిశోధకులు గుర్తించారు. తొమ్మిదేళ్ళుగా మూయని తలుపు ముందు యాంటీవైరస్‌ను కాపలా పెట్టడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

ఇప్పుడు వ్యక్తిగత కంప్యూటర్ సంగతికి వద్దాం. "రూట్ పాస్‌వర్డ్ ఇవ్వనంతవరకు ఏ ప్రోగ్రామూ నన్నేమీ చేయలేదు" అని లినక్స్ అభిమానులు తరచుగా అంటారు. రూట్ అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారమున్న ఖాతా; అభిమానుల ఈ మాటను కాస్త నిదానంగా పరీక్షించాలి. రూట్ అధికారం కాపాడేది ఆపరేటింగ్ సిస్టమ్‌ను. అది పోతే గంటలో తిరిగి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పోతే తిరిగి రానివి మీ ఫోటోలు, పత్రాలు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, వేరే సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు. అవన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లోనే, మీ యూజర్ అధికారంతోనే ఉంటాయి. మీ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని చదవగలదు, ఎన్‌క్రిప్ట్ చేయగలదు, బయటికి పంపగలదు. మీరు లాగిన్ అయిన ప్రతిసారీ మళ్ళీ లేచేలా మీ షెల్ (కమాండ్‌లు నడిపే ప్రోగ్రామ్) సెట్టింగ్స్ ఫైలులో ఒక వరుస రాసుకోవడానికీ, ఆటోస్టార్ట్ ఫోల్డర్‌లో చేరడానికీ దానికి రూట్ అక్కర్లేదు. పాత ఎక్స్11 డిస్‌ప్లే వ్యవస్థలోనైతే ఒక విండోలో మీరు టైప్ చేసే అక్షరాలను పక్కనున్న మరో ప్రోగ్రామ్ వినగలదు కూడా. దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో ఆ దారి మూసుకుపోయింది.

రూట్ అధికారం దొరకడం కూడా అనుకున్నంత కష్టం కాదు. 2022 జనవరిలో వెల్లడైన ప్వన్‌కిట్ అనే లోపం, దాదాపు ప్రతి డిస్ట్రిబ్యూషన్‌లో ఉండే పీకేఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో 2009 నుంచి దాగి ఉంది. మామూలు యూజర్‌ను నేరుగా రూట్‌ను చేయగల ఆ లోపాన్ని ఆ పన్నెండేళ్ళలో ఎవరు ముందే కనిపెట్టి ఉంటారో చెప్పలేం. దీనికి విరుగుడు వెంటనే వేసుకునే అప్‌డేట్. ఉబుంటు, డెబియన్‌లలో భద్రతా అప్‌డేట్‌లను వాటంతట అవే వేసే సదుపాయం ఉంది. ఏ యాంటీవైరస్ గురించీ ఆలోచించకముందే దాన్ని ఆన్ చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇక సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వస్తోందన్నది అన్నిటికంటే లోతైన సమస్య. డిస్ట్రిబ్యూషన్ల రిపోజిటరీలు డిజిటల్ సంతకాలతో వస్తాయి. దారిలో ఎవరైనా ప్యాకేజీని మారిస్తే ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ ఒప్పుకోదు. కానీ ఆ గొలుసుకు బయట మనం వేసే ప్రతి అడుగూ మన బాధ్యతే. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవారు 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకులను, సునామీ అనే బ్యాక్‌డోర్ (దొంగదారి) కలిపిన మరో ఐఎస్‌ఓ ఇన్‌స్టాలేషన్ ఫైలు వైపు మళ్ళించారు. ఆ రోజు దించుకున్నవారి కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమే దొంగ చేతిలో పడి ఉంది. ఇక్కడ ఒక మెళకువ చెప్పాలి: డౌన్‌లోడ్ చేసిన ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలులో ఏ మార్పు జరిగినా మారిపోయే అంకెను) అదే వెబ్‌సైట్‌లో ఇచ్చిన అంకెతో పోల్చి చూస్తే చాలదు, సైటును పట్టుకున్నవాడు ఆ అంకెనూ మార్చగలడు. చెక్‌సమ్‌ల ఫైలు మీద ఉన్న జీపీజీ డిజిటల్ సంతకాన్ని సరిచూడాలి.

ఆర్చ్ లినక్స్‌లో ఎవరైనా ప్యాకేజీ తయారీ స్క్రిప్టులు పెట్టగలిగే ఏయూఆర్‌లో 2018లో ఒకసారి, 2025లో మరోసారి హానికర ప్యాకేజీలు దొరికాయి. రెండోసారి అవి ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లకు సరిదిద్దిన వెర్షన్లమని పేరు పెట్టుకుని వచ్చాయి. ప్రోగ్రామర్లు రోజూ వాడే ఎన్‌పీఎం అనే కోడ్ భాండాగారంలో 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ నిర్వహణ బాధ్యత చేతులు మారి, క్రిప్టో వాలెట్ల నుంచి దోచుకునే కోడ్ అందులో చేరింది. ఇవేవీ ఇంటి తలుపు బద్దలుకొట్టి వచ్చినవి కావు. మనమే పిలిచి లోపలికి తెచ్చుకున్నవి.

2024 మార్చి 29న వెలుగులోకి వచ్చిన ఎక్స్‌జెడ్ ఉదంతం దీనికి పరాకాష్ఠ. ఫైళ్ళను కుదించే ఆ లైబ్రరీకి ఏళ్ళ తరబడి సహాయం చేస్తూ నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌ను దాటిపోయే బ్యాక్‌డోర్‌ను దాచాడు. దాన్ని ఏ స్కానరూ పట్టలేదు. లాగిన్‌కు సుమారు అర సెకను అదనంగా ఎందుకు పడుతోందని అనుమానించి తవ్వుకుంటూ పోయిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టుకున్నాడు. విషయం బయటపడ్డాక ఆ ఫైళ్ళను గుర్తించే ఆనవాళ్ళు, అంటే సిగ్నేచర్లు, యాంటీవైరస్‌లలోకి చేరాయి. సిగ్నేచర్ పద్ధతి బలమూ, పరిమితీ రెండూ అక్కడే ఉన్నాయి: తెలిసినదాన్ని అది వేగంగా, చౌకగా గుర్తుపడుతుంది, ఇంకా ఎవరికీ తెలియనిదాన్ని చూసి మౌనంగా ఉంటుంది.

మరి యాంటీవైరస్ ఏ పనికి? లినక్స్ ప్రపంచంలో బాగా స్థిరపడిన క్లామ్‌ఏవీని చూస్తే ఇది అర్థమవుతుంది. ఓపెన్‌సోర్స్ లైసెన్సుతో వచ్చే ఈ స్కానర్‌ను టోమాష్ కోయ్మ్ మొదలుపెట్టారు, 2007లో సోర్స్‌ఫైర్ సంస్థ, 2013లో ఆ సంస్థతోపాటే సిస్కో దాన్ని సొంతం చేసుకున్నాయి, 2022లో 1.0 వెర్షన్ వచ్చింది. దాని ప్రధాన కొలువు మెయిల్ సర్వర్. వచ్చే ప్రతి మెయిల్‌కు తగిలించిన ఫైళ్ళను విప్పి, ఆర్కైవ్‌ల లోపలికి వెళ్ళి, ఆఫీస్ పత్రాల్లోని మాక్రోలను (పత్రంలో ఇమిడిన చిన్న ప్రోగ్రామ్‌లను) చూసి, అనుమానమున్నదాన్ని ఆపుతుంది. ఆ సర్వర్‌కు ఆ మాక్రోల వల్ల ప్రమాదమేమీ లేదు. మెయిల్‌ను విండోస్‌లో తెరిచేవారికే ప్రమాదం. విండోస్ కంప్యూటర్లకు ఫైళ్ళు పంచే సాంబా సర్వర్, అందరూ పత్రాలు అప్‌లోడ్ చేసే వెబ్‌సైట్, నెక్స్ట్‌క్లౌడ్ వంటి ఉమ్మడి నిల్వ కూడా ఈ కోవలోకే వస్తాయి. ఇలాంటి యంత్రాల్లో యాంటీవైరస్ వేయకపోవడం ఇతరుల పట్ల నిర్లక్ష్యమే అవుతుంది. పెన్‌డ్రైవ్‌లు అటూ ఇటూ తిరిగే వ్యక్తిగత ల్యాప్‌టాప్‌కు ఆ మేరకు స్కానర్ ఉపయోగపడుతుంది. బ్రౌజర్, వీడియోలు, పత్రాలతో సరిపెట్టుకుని, రిపోజిటరీ దాటి ఏమీ దించుకోని ల్యాప్‌టాప్‌కు అది లేకపోయినా పెద్ద లోటు లేదు.

వేసుకోవాలని నిర్ణయించుకున్నవారు సాధారణంగా తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. డెబియన్, ఉబుంటులలో క్లామ్‌ఏవీ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయగానే రక్షణ మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానితో వచ్చేవి అడిగినప్పుడు మాత్రమే వెతికే క్లామ్‌స్కాన్, సిగ్నేచర్లను తెచ్చే ఫ్రెష్‌క్లామ్. ఫ్రెష్‌క్లామ్ వెంటనే నేపథ్యంలో పని మొదలుపెడుతుంది. ఆ సంగతి తెలియక టెర్మినల్‌లో మళ్ళీ అదే కమాండ్ ఇచ్చినప్పుడు, లాగ్ ఫైలు మరో ప్రాసెస్ చేతిలో లాక్ అయి ఉందన్న ఎర్రర్ కనబడి కంగారు పెడుతుంది. ఏదో పాడైందని దాని అర్థం కాదు, అప్‌డేట్ పని సర్వీసు చూసుకుంటోందని మాత్రమే. చేత్తో అప్‌డేట్ చేయాలనుకుంటే ముందు ఆ సర్వీసును ఆపాలి.

క్లామ్‌స్కాన్ ప్రతిసారీ సిగ్నేచర్లన్నిటినీ మెమరీలోకి తెచ్చుకుంటుంది కాబట్టి ఒక్క చిన్న ఫైలును చూడాలన్నా కొన్ని సెకన్లు తింటుంది. తరచుగా వెతికేవారు నేపథ్యంలో ఎప్పుడూ నడిచే డీమన్ ప్యాకేజీని విడిగా వేసుకుని క్లామ్‌డీని నడుపుతూ, క్లామ్‌డీస్కాన్ ద్వారా దాన్ని అడగడం మేలు. అయితే ఆ డీమన్ ఒక్కటే ఒక గిగాబైట్‌కు పైగా ర్యామ్‌ను పట్టుకుని కూర్చుంటుంది. తక్కువ మెమరీ ఉన్న వర్చువల్ సర్వర్‌లో అది వెబ్ సర్వర్‌నే కూలదోయగలదు. క్లామ్‌డీ తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది కనుక మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్ళను తెరవలేక, అనుమతి లేదంటూ వరసగా ఎర్రర్లు చూపిస్తుంది. దానికి విసిగి క్లామ్‌డీనే రూట్‌గా నడపడం చెడ్డ పరిష్కారం. తెరిచిన ఫైలును డీమన్‌కు అందించే ఎఫ్‌డీపాస్ అనే ఆప్షన్ ఇందుకే ఉంది.

ఫైలు తెరిచిన క్షణంలోనే తనిఖీ జరగాలంటే క్లామోనాక్ అనే మరో భాగం కావాలి. అది కెర్నల్‌లోని ఫానోటిఫై సదుపాయం ద్వారా పనిచేస్తుంది. ఏ ఫోల్డర్లను కనిపెట్టుకుని ఉండాలో మీరే సెట్టింగ్స్‌లో రాయాలి. క్లామ్‌డీ నడిచే యూజర్‌ను మినహాయించాలి, లేదంటే స్కానర్ తెరిచిన ఫైలునే మళ్ళీ స్కాన్ చేస్తూ అది తనలో తానే చిక్కుకుంటుంది. నివారణ ఆప్షన్‌ను విడిగా ఆన్ చేయకపోతే హానికరమైన ఫైలును గుర్తించి కూడా తెరవనిస్తుంది. మొత్తం డిస్కును దీని కాపలాలో పెట్టడం కంటే డౌన్‌లోడ్‌లు, అప్‌లోడ్‌లు చేరే ఫోల్డర్లకు పరిమితం చేయడం తెలివైన పని.

ఇదంతా సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఐకార్ పరీక్ష ఫైలు ఉంది. అరవై ఎనిమిది అక్షరాల ఆ వాక్యం ఏ హానీ చేయదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గా గుర్తించాలని ఒప్పందం. దాన్ని కాపలా ఉన్న ఫోల్డర్‌లో పెట్టి చదవబోతే అనుమతి నిరాకరణ రావాలి. రాకపోతే మీకు ఉన్నది రక్షణ భ్రమే.

తొలగించే ఆప్షన్ గురించి ఒక హెచ్చరిక. రిమూవ్ ఆప్షన్‌తో హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని స్కాన్ చేయకండి. థండర్‌బర్డ్ వంటి మెయిల్ ప్రోగ్రామ్‌లు ఒక ఫోల్డర్‌లోని మెయిళ్ళన్నిటినీ సాధారణంగా ఒకే ఫైలులో దాస్తాయి. అందులో ఏ పాత స్పామ్‌కో వైరస్ తగులుకుని ఉంటే, స్కానర్ ఆ ఫైలునంతా చెరిపేస్తుంది, దానితో మీ ఇన్‌బాక్స్ మొత్తం పోతుంది. అనుమానిత ఫైళ్ళను వేరే ఫోల్డర్‌కు తరలించే ఆప్షన్ కూడా ఈ సందర్భంలో ప్రమాదకరమే. ముందు నివేదిక మాత్రమే తీసుకుని, పేర్లు చూసి, చేత్తో నిర్ణయించుకోవడం ఉత్తమం. మరో సంగతి: నిర్ణీత పరిమాణాన్ని మించిన ఫైళ్ళను క్లామ్‌ఏవీ లోపలికి చూడకుండానే బాగున్నాయని చెబుతుంది, పరిమితి దాటినప్పుడు తెలియజేయమని విడిగా అడగాలి.

స్కానర్‌కు తనదైన ప్రమాదం కూడా ఉంది. ఎవరు పంపారో తెలియని ఫైళ్ళను, పదుల కొద్దీ ఫార్మాట్లలో, లోపలిదాకా విప్పి చూడటమే దాని పని; ఆ విప్పే కోడ్‌లో లోపముంటే మెయిల్ పంపడం ద్వారానే సర్వర్‌ను పట్టుకోవచ్చు. 2023 ఫిబ్రవరిలో క్లామ్‌ఏవీలో సరిదిద్దిన సీవీఈ-2023-20032 అనే లోపం అచ్చంగా అలాంటిదే. ఆపిల్ కంప్యూటర్లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్క్ ఫార్మాట్‌ను చదివే భాగంలో బఫర్ హద్దు దాటే తప్పు వల్ల, దురుద్దేశంతో తయారుచేసిన ఫైలు స్కానర్ లోపల తన కోడ్‌ను నడపగలిగేది. క్లామ్‌డీని రూట్‌గా నడపవద్దని పైన చెప్పింది ఇందుకే. స్కానర్‌ను ఒకసారి వేసి మరిచిపోయేవారికి అది లేకపోవడమే క్షేమం. కాలం చెల్లిన వెర్షన్లకు కొంతకాలానికి సిగ్నేచర్లు కూడా ఆగిపోతాయి.

సర్వర్ నిర్వాహకుల ముందు అదనంగా నిబంధనల సమస్య ఉంటుంది. కార్డు చెల్లింపులకు సంబంధించిన పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణం మాల్వేర్ నుంచి రక్షణను తప్పనిసరి చేస్తుంది. ఏదైనా రకం యంత్రానికి అది అక్కర్లేదనుకుంటే, ఆ అభిప్రాయాన్ని కాలానుగుణంగా సమీక్షించి రాతపూర్వకంగా చూపాలి. కాబట్టి "లినక్స్ కదా" అన్న ఒక్క మాటతో ఆడిటర్ ముందు తప్పించుకోలేరు. ఇలాంటి సంస్థలు ఎక్కువగా ఫైళ్ళను పోల్చే స్కానర్లకంటే, ప్రాసెస్‌ల ప్రవర్తనను గమనించే ఈడీఆర్ సాఫ్ట్‌వేర్‌ల వైపు వెళుతున్నాయి. మైక్రోసాఫ్ట్ సైతం 2020లో లినక్స్ సర్వర్లకు డిఫెండర్‌ను విడుదల చేసింది. వెబ్ సర్వర్ ప్రాసెస్ ఉన్నట్టుండి షెల్‌ను తెరిచి బయటి నుంచి ప్రోగ్రామ్ దించుకుంటే, ఆ ప్రోగ్రామ్‌ను ఇంతకుముందు ఎవరూ చూడకపోయినా ఆ ప్రవర్తనే అనుమానం కలిగిస్తుంది. సర్వర్లకు ఇది సిగ్నేచర్లకంటే మేలైన పద్ధతి, ఖర్చూ నిర్వహణా ఎక్కువే అయినా.

చిన్న సర్వర్లకు ఎయిడ్ వంటి సాధనం చాలు. సిస్టమ్ ఫైళ్ళ జాబితాను, చెక్‌సమ్ లాంటి వాటి హ్యాష్‌లను ముందే రాసిపెట్టుకుని, తర్వాత ఏది మారిందో అది చెబుతుంది. యంత్రం శుభ్రంగా ఉన్నప్పుడే ఆ జాబితాను తయారుచేసి, కాపీని మరో చోట దాచకపోతే ప్రయోజనం లేదు. సీహెచ్‌కే‌రూట్‌కిట్, ఆర్‌కేహంటర్‌లు యంత్రంలో దూరి తమ ఉనికిని దాచుకునే రూట్‌కిట్‌ల జాడ వెతుకుతాయి కానీ తప్పుడు హెచ్చరికలు ఎక్కువ. పైగా కెర్నల్‌లోకే దూరిన రూట్‌కిట్ ఆ యంత్రం మీదే నడిచే సాధనానికి అబద్ధం చెప్పగలదు. గట్టి అనుమానం ఉన్నప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి డిస్కును బయటి నుంచి పరీక్షించాలి.

చివరిగా, స్కానర్ నిజంగానే ఏదో కనిపెట్టిందనుకుందాం. మెయిల్‌లో విండోస్ వైరస్ దొరికితే ఆ మెయిల్‌ను తీసేస్తే సరి. సర్వర్‌లో లినక్స్ మాల్వేర్ నడుస్తూ దొరికితే మాత్రం ఫైలును తొలగించి ఊపిరి పీల్చుకోకూడదు. ఎబరీ అనే బ్యాక్‌డోర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరి, లాగిన్ అయ్యేవారి పాస్‌వర్డ్‌లను, కీలను దొంగిలిస్తూ, వాటితో పక్క సర్వర్లకు పాకుతుంది. 2009 నుంచి దాదాపు 4 లక్షల సర్వర్లు దాని బారిన పడ్డాయని, 2023 చివరికి కూడా లక్షకు పైగా అలాగే ఉన్నాయని ఈసెట్ సంస్థ 2024లో లెక్క చెప్పింది. కాబట్టి ముందు ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి వేరు చేయాలి. ఏ దారిన వచ్చిందో తెలుసుకోవడానికి డిస్క్ కాపీని, లాగ్‌లను భద్రపరచాలి. శుభ్రమైన ఇన్‌స్టాలేషన్‌తో సర్వర్‌ను కొత్తగా కట్టి, డేటాను మాత్రమే బ్యాకప్ నుంచి తేవాలి. ఆ యంత్రంలోకి లాగిన్ అయిన ప్రతి ఒక్కరి పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, అక్కడి నుంచి చేరుకోగల ఇతర సర్వర్లలోని కీలు కూడా మార్చేంతవరకు ఆ పని పూర్తయినట్టు కాదు.